కార్డు మీద మీది కాని ఖర్చు కనబడితే చేయవలసిన పనులు

మీరు విశాఖలోని మద్దిలపాలెం కూడలిలో బస్సు కోసం నిలబడి ఉండగా, పేరైనా వినని ఏదో దుకాణంలో మీ క్రెడిట్ కార్డు మీద 18,400 రూపాయలు ఖర్చయినట్టు ఫోనుకు సందేశం వచ్చిందనుకోండి. చాలామంది ముందుగా ఇంటికి ఫోన్ చేసి "ఏమైనా కొన్నారా?" అని అడుగుతారు. అడగవచ్చు గానీ, అంతకంటే ముందు కార్డును ఆపించాలి. ఇంట్లోవాళ్లే కొన్నారని తర్వాత తేలితే కొత్త కార్డు వచ్చేదాకా కొన్నాళ్లు ఇబ్బంది పడతారు, అంతే. ఆపకుండా ఉంటే మాత్రం ఆ పది నిమిషాల్లో మరో రెండు మూడు లావాదేవీలు జరిగిపోవచ్చు. బ్యాంకు యాప్‌లో కార్డును బ్లాక్ చేసే వీలుంటుంది. లేదా కార్డు వెనుక ముద్రించిన నంబరుకు ఫోన్ చేయాలి. కార్డే పోయినట్లయితే పాత స్టేట్‌మెంట్‌లో ఆ నంబరు దొరుకుతుంది. కంగారులో గూగుల్‌లో వెతికి కనిపించిన నంబరుకు మాత్రం ఫోన్ చేయకండి, ఎందుకంటే బ్యాంకుల పేరుతో నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు పెట్టి కూర్చున్నవారు సరిగ్గా ఇలాంటి ఫోన్ల కోసమే కాచుకుని ఉంటారు.

కార్డు ఆగగానే 1930కి ఫోన్ చేయాలి. కేంద్ర హోం శాఖ నడిపే సైబర్ మోసాల సహాయ నంబరు ఇది. దోచిన సొమ్ము ఒక ఖాతాలోంచి మరో ఖాతాలోకి వేగంగా మారిపోతుంది కాబట్టి, అది దొంగల చేతికి చిక్కేలోగా దారిలో ఉన్న బ్యాంకులను అప్రమత్తం చేసి నిలిపివేయించడానికే ఈ ఏర్పాటు ఉంది. లావాదేవీ సంఖ్య, తేదీ, సమయం, మొత్తం, బ్యాంకు పేరు చెప్పవలసి ఉంటుంది. పిన్, సీవీవీ (కార్డు వెనుక ఉండే మూడంకెల రహస్య సంఖ్య) అక్కడా చెప్పనక్కరలేదు. అదే ఫిర్యాదును సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో కూడా నమోదు చేయవచ్చు. విశాఖ నగర పోలీస్ కమిషనరేట్‌లో ప్రత్యేకంగా సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ ఉంది. అయితే గాజువాకలో ఉన్నవారు ముందు తమ దగ్గరి స్టేషన్‌కే వెళ్లినా తప్పు లేదు. నేరం ఏ ప్రాంతంలో జరిగినా సమాచారం తీసుకుని నమోదు చేయాలని నేర విచారణ పద్ధతిని నిర్దేశించే చట్టమైన భారతీయ నాగరిక సురక్ష సంహితలోని 173వ సెక్షన్ చెబుతోంది.

ఇక బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఫోనులో చెప్పాం కదా అని ఊరుకునేవారే ఎక్కువ, నా దృష్టిలో డబ్బు చిక్కుబడిపోయేది అక్కడే. ఈమెయిల్ అయినా, బ్రాంచిలో ఇచ్చే కాగితమైనా పొడవుగా ఉండనక్కరలేదు:

"నా కార్డు (చివరి నాలుగు అంకెలు ఫలానా) మీద ఈ తేదీ సాయంత్రం 6:42కు జరిగిన 18,400 రూపాయల లావాదేవీ నేను చేసినది కాదు, నా అనుమతితో జరిగినదీ కాదు. ఆ సమయానికి కార్డు నా వద్దనే ఉంది. ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పలేదు. సందేశం 6:43కు అందింది, 6:50కి కార్డును ఆపించాను. 1930లో నమోదైన ఫిర్యాదు సంఖ్య ఇది."

ఇందులో నిమిషాలతో సహా రాయడం చాదస్తంగా తోచవచ్చు. కానీ ఎవరు ఎంత భరించాలన్నది ఆ వేళల మీదనే ఆధారపడి ఉంది. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు బ్యాంకుదైతే మీరు ఒక్క రూపాయి కూడా భరించనక్కరలేదు. లోపం మీలోనూ బ్యాంకులోనూ కాక వ్యవస్థలో మరెక్కడో ఉన్నప్పుడు, సందేశం అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే అప్పుడూ మీ బాధ్యత సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే, 5 లక్షల వరకు పరిమితి ఉన్న కార్డుకు 10,000 రూపాయలు, అంతకు మించిన కార్డుకు 25,000 రూపాయలు గరిష్ఠ భారం. సందేశం వచ్చిన రోజును లెక్కలో కలపరు. రెండో శనివారానికి ముందురోజు సాయంత్రం వస్తే, మధ్యలో వేరే సెలవు లేనంతవరకు, గడువు బుధవారంతో ముగుస్తుంది. తెలియజేసిన 10 పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా తిరిగి జమచేయాలి, 90 రోజుల్లో విషయం తేల్చాలి, ఈలోగా కార్డు మీద వడ్డీ భారం మీపై పడకూడదు. తప్పు ఖాతాదారుదేనని నిరూపించే బాధ్యత కూడా బ్యాంకుదే.

ఓటీపీ మీరే చెప్పి ఉంటే, తెలియజేసేంతవరకు జరిగిన నష్టం మీదే అవుతుంది, తెలియజేసిన తర్వాత జరిగేది బ్యాంకుది. సిగ్గుపడి దాచిపెట్టడం వల్ల లాభం లేదు. ఆ గుట్టు బ్యాంకు రికార్డుల్లో తేలిపోతుంది, అప్పుడు మీరు చెప్పిన నిజాలను కూడా ఎవరూ నమ్మరు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సమ్మతం కాకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులను విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు; వివరాలకు నంబరు 14448.

కార్డు మోసం ఒక్క స్టేట్‌మెంట్‌తో తేలిపోతుంది, మన గుర్తింపు పత్రాలతో మన పేరు దొంగిలించినవాడు మాత్రం నెలల తరబడి కనబడడు. ఒక సాయంత్రం బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ కొనుక్కుని, తినడం అయ్యాక పొట్లం కాగితం విప్పితే, అది ఎవరిదో పాన్ కార్డు జిరాక్స్. ఫోటో, పుట్టిన తేదీ, సంతకం అన్నీ ఉప్పూ కారం మరకల మధ్య స్పష్టంగా ఉన్నాయి. అప్పటినుంచి నేను జిరాక్స్ ఇచ్చేటప్పుడు బొమ్మ మీదుగా అడ్డంగా "ఫలానా సిమ్ కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి, సంతకం చేస్తున్నాను. ద్వారకానగర్‌లో దుకాణాలవాళ్లకు వాట్సాప్‌లో ఆధార్ పంపి ప్రింటు తీయిస్తే, పని కాగానే ఆ ఫైలును ఎదుటే తొలగించమని అడగండి, మొహమాటపడనక్కరలేదు. వీలైనచోట మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ సంస్థ యాప్‌లో బయోమెట్రిక్‌ను, అంటే వేలిముద్రల వంటి గుర్తులను, లాక్ చేసి పెట్టుకోండి. దస్తావేజుల మీది వేలిముద్రలను నకలు తీసి ఖాతాలు ఖాళీ చేసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లోనే బయటపడ్డాయి.

మీ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో కనబడుతుంది; మీవి కానివాటిని అక్కడే తెలియజేయవచ్చు. చుట్టుపక్కల అందరికీ సిగ్నల్ ఉండి మీ ఫోనుకే ఎంతకూ రాకపోతే, మీ నంబరు మీద వేరే సిమ్ తీసుకున్నారేమోనని వెంటనే ఆ కంపెనీని అడగండి. కరెంటు బిల్లు బకాయి అనో ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును (ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) తెరవకండి. అది మీ ఓటీపీలను చదివేస్తుంది. కార్డుకు విదేశీ వాడకాన్ని, ట్యాప్ చెల్లింపును అవసరం లేనప్పుడు యాప్‌లో ఆపి ఉంచుకోవచ్చు.

మన అప్పుల వివరాలను నమోదు చేసి ఉంచే సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ సంస్థలు ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకేసారి తీసుకోకుండా మూడేసి నెలలకు ఒకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. మీరు తీసుకోని అప్పు అందులో కనబడితే, అప్పిచ్చిన సంస్థకూ రిపోర్టు ఇచ్చిన సంస్థకూ రాసి, పోలీసులకు ఇచ్చే ఫిర్యాదులో సమాచార సాంకేతిక చట్టం 66సీ సెక్షన్‌ను ప్రస్తావించండి. గుర్తింపు దొంగతనానికి అందులో మూడేళ్ల వరకు జైలు ఉంది. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం అడగవచ్చు. సరిచేశామని జవాబు వచ్చాక కొత్త రిపోర్టు తీసి, ఆ అప్పు నిజంగా పోయిందో లేదో చూసిన తర్వాతనే ఆ కాగితాల ఫైలును అటక ఎక్కించండి.