అప్‌డేట్ తర్వాత మ్యాప్‌లో చుక్క పక్క వీధికి పోతోందా?

ఆండ్రాయిడ్ అప్‌డేట్ అయ్యాక ఆటో మన గేటు వదిలేసి వెనక సందులో ఆగుతుంటే, ఫోన్ రీసెట్ దాకా వెళ్లక్కర్లేదు. ముందు ఆటో బుక్ చేసే యాప్ పర్మిషన్లలో లొకేషన్ తెరిచి 'యూజ్ ప్రిసైజ్ లొకేషన్' ఆన్ చేయండి. ఇది ఆఫ్‌లో ఉంటే యాప్‌కి మీ పేట తెలుస్తుంది గానీ ఇల్లు తెలియదు. సెట్టింగ్స్‌లో లొకేషన్, అందులో లొకేషన్ సర్వీసెస్ తెరిస్తే కనిపించే గూగుల్ లొకేషన్ యాక్యురసీ కూడా ఆన్‌లో ఉండాలి. బ్యాటరీ సేవర్ తీసేసి, రీస్టార్ట్ చేసి, మొబైల్ డేటాతో డాబా మీద 2-3 నిమిషాలు ఉంచండి. స్లాబు కింద కూర్చుని చూస్తే తేడా తెలియదు, ఉపగ్రహాల సిగ్నల్ అక్కడికి సరిగా అందదు.

చుక్క సరిగ్గానే ఉండి బాణం మాత్రం తప్పు దిక్కు చూపిస్తే అది దిక్సూచి గొడవ. ఫోన్‌ని గాల్లో 8 అంకెలా నాలుగైదుసార్లు తిప్పండి. అయస్కాంతం ఉన్న ఫ్లిప్ కవర్ తీయకుండా ఎంత తిప్పినా దండగే.