జావా 8 పాత సిస్టమ్‌ను ఓపెన్‌రీరైట్‌తో జావా 17కి మార్చే పద్ధతి

స్ప్రింగ్ బూట్ (జావా అప్లికేషన్ల ఫ్రేమ్‌వర్క్) 2, జావా 8 మీద నడిచే లక్షల లైన్ల కోడ్‌ను ఓపెన్‌రీరైట్ (కోడ్‌ను తనంతట తానే మార్చే టూల్) రెసిపీలతో, అంటే ముందే రాసిపెట్టిన మార్పుల నియమాలతో, బూట్ 3, జావా 17కి తేవచ్చు. టూల్ రన్ చేయడం పెద్ద పనేం కాదు. దానికి ముందూ వెనకా ఉండేదే అసలు పని.

ముందుగా పాత కోడ్ పాత జావా మీద ఎర్రర్ లేకుండా బిల్డ్ అవ్వాలి. టైపు తెలియనిచోట టూల్ కిక్కురుమనకుండా వదిలేసి పోతుంది. ఏ జార్‌లు (లైబ్రరీ ఫైళ్లు) జావా లోపలి క్లాసులను వాడుతున్నాయో జావాతోనే వచ్చే జేడెప్స్ కమాండ్‌తో చూసి రాసిపెట్టుకోండి. నెలాఖరు రిపోర్టులు, ఇన్‌వాయిస్‌లు కొన్ని పాత వెర్షన్ నుంచి తీసి దాచండి. యూనిట్ టెస్టులు అంతంతమాత్రంగా ఉంటే, రేపు పోల్చి చూడటానికి అవే దిక్కు.

ఒకేసారి బూట్ 3కి దూకొద్దు. మొదట బూట్ 2.7, తర్వాత జావా 17, చివర్లో బూట్ 3. ప్రతిసారీ ముందు డ్రై రన్ (ఫైళ్లు మార్చకుండా నడపడం) చేసి, టార్గెట్ ఫోల్డర్‌లో వచ్చే ప్యాచ్ (చేయబోయే మార్పుల ఫైలు) చదవండి. టూల్ మార్పులు ఒక కమిట్, చేత్తో చేసినవి మరో కమిట్. కలిపేస్తే రివ్యూ చేసేవాళ్లు తల పట్టుకుంటారు. పెద్ద రిపోలో మెమరీ చాలక ఆగిపోతే మావెన్ (బిల్డ్ టూల్)కి హీప్, అంటే వాడుకునే మెమరీ, పెంచండి.

బూట్ 3లో జావాఎక్స్ ప్యాకేజీలు జకార్తా అవుతాయి. ఫైండ్ రీప్లేస్ జోలికి పోకండి: పెర్సిస్టెన్స్, సర్వ్‌లెట్ మారాలి, జావాఎక్స్ ఎస్‌క్యూఎల్, క్రిప్టో జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్)వే కాబట్టి అలాగే ఉండాలి. ఈ తేడా రెసిపీకి తెలుసు. రిఫ్లెక్షన్ (రన్ అయ్యేటప్పుడు పేరుతో క్లాసును వెతకడం) కోసం స్ట్రింగ్ ముక్కలు కలిపి తయారుచేసే క్లాసు పేర్లు, సోర్స్ దొరకని సొంత జార్‌లు మాత్రం దానికి అందవు. స్ట్రింగ్‌లను గ్రెప్ (టెక్స్ట్ వెతికే కమాండ్)తో వెతకాల్సిందే, జార్‌లను విడిగా చూసుకోవాల్సిందే.

కంపైల్ అయింది కదా అని సంబరపడొద్దు. బూట్ 3తో వచ్చే హైబర్నేట్ (డేటాబేస్ లైబ్రరీ) 6, ఐడీల కోసం అన్ని టేబుళ్లకూ ఉమ్మడిగా ఉన్న హైబర్నేట్ సీక్వెన్స్ (వరుస నంబర్లిచ్చేది)ను వదిలేసి, ఎంటిటీ (టేబుల్‌కు సరిపోయే క్లాసు)కో సీక్వెన్స్ వెతుకుతుంది. డేటాబేస్‌లో అది లేక ఇన్సర్ట్ ఫెయిలవుతుంది. సీక్వెన్స్ పేర్ల స్ట్రాటజీని 'సింగిల్' అని పెడితే పాత పేరే వాడుతుంది. యూఆర్ఎల్ చివర స్లాష్ పెట్టి పిలిచే పాత క్లయింట్లకు 404 వస్తుంది. సెక్యూరిటీ కాన్ఫిగ్‌ను రెసిపీ తిరగరాసినా, ఏ యూఆర్ఎల్‌కు ఎవరికి అనుమతి ఉందో ఒక్కొక్కటీ మీరే చూడండి.

తేదీలదీ ఇదే తంతు. జావా 16 నుంచి యూకే లొకేల్ (దేశం, భాషల సెట్టింగ్)లో సెప్టెంబరు పొట్టిపేరు మూడక్షరాల నుంచి నాలుగక్షరాలైంది, దాంతో పాత ఫైళ్లు పార్స్ కావు. లొకేల్ ప్రొవైడర్‌ను 'కంపాట్' అని పెడితే 17లో గడిచిపోతుంది గానీ, జావా 23లో దాన్ని తీసేశారు. ఫార్మాటర్‌లోనే యూఎస్ లొకేల్ అని రాసేయండి.