ఎక్స్‌పోలో హోమ్ ఆటోమేషన్ స్టాల్ పెట్టడం ఎలా? ఆదివారం సాయంత్రం కూడా లైటు వెలగాలంటే ఇలా చేయండి

నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌లో గానీ, ఒంగోలు పీవీఆర్ గ్రౌండ్‌లో గానీ ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాల ఎక్స్‌పో పెడితే ఇప్పుడు అందులో ఒకటో రెండో హోమ్ ఆటోమేషన్ (ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, మోటార్లు ఫోన్‌తో నడిపే ఏర్పాటు) స్టాళ్లు కనిపిస్తున్నాయి. శుక్రవారం పొద్దున అన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఆదివారం సాయంత్రం ఏడింటికి వెళ్లి చూడండి. స్టాల్ కుర్రాడు ఫోన్ పైకెత్తి పట్టుకుని "ఒక్క నిమిషం సార్, నెట్ స్లోగా ఉంది" అంటుంటాడు. ఎదురుగా కొత్తిల్లు కట్టుకుంటున్న భార్యాభర్తలు మర్యాదకి ఆ నిమిషం ఆగి, పక్క స్టాల్లో మిక్సీలు చూడ్డానికి వెళ్లిపోతారు. ఇంటికెళ్లి "అవన్నీ పనిచేయవులే" అని పదిమందికీ చెబుతారు. తరవాత ఆ పదిమందికీ నచ్చజెప్పాల్సింది ఈ పనిలో ఉన్న మనమే.

అందుకే ఇది రాస్తున్నాను. స్విచ్‌లు ఎలా బిగించాలో మీకు తెలిసే ఉంటుంది, దాని జోలికి పోను. స్టాల్ ఎలా నడపాలన్నదే ఇక్కడి సంగతి.

ఏం తీసుకెళ్లాలి

ఒక ప్లైవుడ్ బోర్డు, దాని మీద మామూలు మాడ్యులర్ స్విచ్‌బోర్డు, దాని వెనక మాడ్యూల్ (స్విచ్‌ని ఫోన్‌తో నడిపించే చిన్న పెట్టె), రెండు బల్బులు, ఒక ఫ్యాన్, చిన్న తలుపు చట్రానికి డోర్ సెన్సర్, ట్యాంకు డెమోకి రెండు బకెట్లు, 12 వోల్టుల చిన్న పంపు. హబ్ (వీటన్నిటినీ కలిపి నడిపే చిన్న కంప్యూటర్), రౌటర్, ట్యాబ్, చిన్న యూపీఎస్. టెస్టర్, మల్టీమీటర్, ఇన్సులేషన్ టేపు, స్పేర్ ఫ్యూజులు. అంతే. బోర్డు వెనక వైపు పారదర్శక యాక్రిలిక్ షీటు వేయండి. వైర్లు కనబడితే మన ఎలక్ట్రీషియన్లు ఆగి చూస్తారు. ఈ జిల్లాల్లో ఇంటాయన కంటే ముందు ఒప్పించాల్సింది వాళ్లనే.

మోషన్ సెన్సర్ తీసుకెళ్లకండి. స్టాల్ ముందు జనం కదులుతూనే ఉంటారు, లైటు ఆరనే ఆరదు, ఆరని లైటు చూపించి ఏం లాభం? వాయిస్ కంట్రోల్ కూడా వద్దు. ఎదురు స్టాల్లో సౌండ్ బాక్సుల వాడు పాటలు పెడతాడు, మన స్పీకరుకి మన మాట వినపడదు. వినపడిన రోజు మరో గొడవ: దారినపోయే పిల్లలంతా "అలెక్సా, ఆఫ్" అని అరిచి పరిగెడతారు. పైగా అది ఇంటర్నెట్ లేకపోతే మూగబోతుంది. నా స్టాల్లో వాయిస్ ఉండదు, మీ స్టాల్లోనూ ఉండకూడదు.

కరెంట్

నిర్వాహకులు ఒక సాకెట్ ఇస్తారు, దాన్ని నమ్మకండి. ఏదైనా తగిలించే ముందు మల్టీమీటరుతో చూడండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 220 నుంచి 240 దాకా ఉంటే సరే. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి, రాలేదంటే ఎర్త్ లేనట్టే. షెడ్డు వైరింగ్‌లో మూడు ఫేజులు పంచి ఇస్తారు. ఎక్కడో న్యూట్రల్ వదులైతే మీ సాకెట్లోకి 400 వోల్టుల దగ్గర దాకా రావచ్చు. అందుకని బోర్డుకి ముందు ఒక ఎంసీబీ (కరెంట్ మితిమీరితే ట్రిప్ అయ్యేది), 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంట్ లీకై షాక్ కొట్టబోతే కట్ చేసేది), ఓవర్ వోల్టేజ్ వస్తే కట్ చేసే ప్రొటెక్టర్ తప్పనిసరి. పిల్లలు చేతులు పెట్టే బోర్డు అది.

జనరేటరుకి మారేటప్పుడు పోయేది కొన్ని సెకన్లే. కానీ రౌటరూ హబ్బూ మళ్లీ లేచి కూర్చోడానికి నిమిషాలు పడుతుంది. ఆ రెండింటికీ యూపీఎస్ ఇవ్వండి, బల్బులకి అక్కర్లేదు. కరెంట్ పోవడం మన ఊళ్లకే పరిమితం అనుకోకండి. 2018 జనవరి 10న లాస్ వెగాస్‌లో ప్రపంచమంతా చూసే సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలోనే హాల్లో కరెంట్ పోయి దాదాపు రెండు గంటలు చీకటైంది. మీ హబ్ రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ మీద నడుస్తుంటే మెమరీ కార్డు కాపీ ఒకటి జేబులో ఉంచుకోండి. పవర్ టపటపా పోయి వస్తే ముందు పాడయ్యేది ఆ కార్డే.

అసలు చిక్కు: సిగ్నల్

ఇక్కడ నిదానంగా చదవండి. మిగతావన్నీ ఎవరైనా చేస్తారు. అందరూ బోల్తా పడేది ఈ ఒక్కదాని దగ్గరే.

ముందురోజు రాత్రి షెడ్డు ఖాళీగా ఉంటుంది. బోర్డు పెట్టి, ఫోన్ తీసి నొక్కితే లైటు టక్కున వెలుగుతుంది. సంతోషంగా వెళ్లి పడుకుంటారు. మర్నాడు సాయంత్రానికి అదే షెడ్డులో వందల ఫోన్లు, ప్రతి సెల్‌ఫోన్ స్టాల్లో ఒక రౌటరు, సీసీ కెమెరాల స్టాల్లో నాలుగు, అరడజను మంది హాట్‌స్పాట్‌లు. వైఫైలో చాలా భాగం, జిగ్‌బీ (స్మార్ట్ స్విచ్‌లూ సెన్సర్లూ హబ్‌తో మాట్లాడే వైర్‌లెస్ పద్ధతి), బ్లూటూత్ అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే రేడియో పట్టీలో కొట్టుకుంటుంటాయి. చాలదన్నట్టు మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, ఆ తరంగాల్ని నీరు పీల్చేస్తుంది. అంటే స్టాల్ ముందు జనం గోడ కట్టినకొద్దీ సిగ్నల్ పడిపోతుంది. ఎప్పుడు జనం ఎక్కువ ఉంటే అప్పుడే పరువు పోవడానికి కారణం ఇదే.

పెద్దవాళ్లకీ తప్పలేదు. 2010 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐఫోన్ 4 చూపిస్తూ స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఆగిపోయాడు. హాల్లో 570 వైఫై బేస్ స్టేషన్లు నడుస్తున్నాయని చెప్పి, జనాన్ని వైఫై ఆపేయమని బతిమాలుకోవాల్సి వచ్చింది. వీఆర్సీ గ్రౌండ్‌లో మీరు అడిగితే ఎవరు ఆపుతారు?

కాబట్టి మొదటి సూత్రం: డెమో ఇంటర్నెట్ మీద ఆధారపడకూడదు. మార్కెట్లో చవగ్గా దొరికే చాలా స్విచ్‌లు మీరు ఫోన్లో నొక్కగానే ఆ మాటని ఎక్కడో ఉన్న సర్వరుకి పంపి, అక్కడి నుంచి తిరిగి తెప్పించుకుని, మీ పక్కనే ఉన్న బల్బుని వెలిగిస్తాయి. జనంలో మొబైల్ టవరు కూడా ఊపిరాడక ఉంటుంది కాబట్టి ఆ రాకపోకల్లో ఎక్కడైనా తెగొచ్చు. పరీక్ష సులువు. ఇంట్లోనే బోర్డంతా ఆన్ చేసి, రౌటరుకి వచ్చే ఇంటర్నెట్ కేబుల్ పీకేయండి. అప్పుడు ఏది పనిచేస్తే దాన్నే స్టాల్‌కి తీసుకెళ్లండి, పనిచేయనిదాన్ని పెట్టెలోనే ఉంచండి. హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌లాంటిది పెట్టుకుని, నెట్ లేకుండా ఇంట్లోనే నడిచే లోకల్ హబ్ ఉన్నవాళ్లకి ఇక్కడే తేడా తెలుస్తుంది. నెట్ లేని హబ్ పవర్ పోయి వస్తే దాని గడియారం తప్పొచ్చు, అందుకని "సాయంత్రం ఆరుకి లైటు వెలుగుతుంది" లాంటి టైమర్ డెమోలు మాత్రం పెట్టకండి.

రెండోది, వైరు వేయగలిగిన చోటల్లా వైరే వేయండి. రౌటరు నుంచి హబ్‌కి లాన్ కేబుల్. వైర్‌లెస్ సామాన్లు అమ్ముతూ వైరు వాడితే చిన్నతనం అని కొందరంటారు. ఆ కేబుల్ బోర్డు వెనక ఉంటే చూసేదెవరు? ట్యాబ్‌ని 5 గిగాహెర్ట్జ్‌లో కలపండి, అక్కడ రద్దీ తక్కువ, మీరు ఉండేది రెండడుగుల దూరంలో.

మూడోది ఛానల్, అంటే ఆ పట్టీలో ఒక్కో వరస. ఇక్కడ తెలిసినవాళ్లు కూడా తికమక పడతారు. వైఫైకీ ఛానల్ 11 ఉంది, జిగ్‌బీకీ ఛానల్ 11 ఉంది, అవి రెండూ ఒకటి కాదు. వైఫైలో ఒకదానితో ఒకటి తగలనివి 1, 6, 11. జిగ్‌బీ ఛానళ్లు 11 నుంచి 26 దాకా. జిగ్‌బీ 11 సరిగ్గా వైఫై 1 కింద పడుతుంది. కొన్ని హబ్‌లు మొదట్లో ఆ 11 మీదే ఉంటాయి, ఎవరూ మార్చరు. మీరు జిగ్‌బీని 25కి మార్చండి. వైఫై 11 కూడా దాని దాకా దాదాపుగా రాదు. 26 ఇంకా దూరమే గానీ కొన్ని పరికరాలు దాని మీద సరిగా పలకవు, అందుకే 25. ఛానల్ మారిస్తే కొన్ని పరికరాల్ని మళ్లీ జత చేయాల్సి వస్తుంది కాబట్టి ఈ పని ఇంట్లో ఉండగానే ముగించాలి. జనం ముందు పెయిరింగ్ చేస్తూ కూర్చోవడం కంటే స్టాల్ మూసుకోవడం మేలు.

మీవి వైఫై స్విచ్‌లే అయితే రౌటర్లో ఛానల్ "ఆటో" మీద వదలకండి. పవర్ పోయి వచ్చినప్పుడు అది వేరే ఛానల్‌కి దూకొచ్చు, స్విచ్‌లు వెతుక్కుంటూ ఉంటాయి. 1, 6, 11లో ఒకటి ఖాయం చేసి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. ఏది ఖాళీగా ఉందో ఫోన్లో వైఫై ఎనలైజర్ చూపిస్తుంది. దాన్ని మొదటిరోజు సాయంత్రం జనం ఉన్నప్పుడు చూడాలి, ముందురోజు రాత్రి చూసి ఉపయోగం లేదు. అన్నీ జిగ్‌బీవే అయితే మీ రౌటర్లో 2.4 పూర్తిగా ఆపేయండి. మనకి మనమే అడ్డు తగలడం దేనికి?

ఇంకొక చిన్న సంగతి, దీన్ని ఎవరూ చెప్పరు. జిగ్‌బీ డాంగిల్‌ని (జిగ్‌బీ సిగ్నల్ పంపే, అందుకునే యూఎస్‌బీ ముక్క) హబ్‌కి నేరుగా గుచ్చకండి. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులు సరిగ్గా 2.4 దగ్గరే రొద పుట్టిస్తాయి. అర మీటరు ఎక్స్‌టెన్షన్ వైరు తీసుకుని, యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టి, డాంగిల్‌ని బోర్డు పైఅంచుకి, జనం తలల కంటే ఎత్తుగా కట్టండి. ఖర్చు వంద, రెండొందల రూపాయలు. స్టాల్ పరువు నిలబెట్టేది ఎక్కువసార్లు ఆ వైరే.

బయల్దేరే ముందు ఆఖరి పరీక్ష. ఇంట్లోవాళ్ల ఫోన్లన్నీ తీసుకుని అన్నిట్లో హాట్‌స్పాట్ ఆన్ చేయండి, రౌటరు నుంచి నెట్ పీకేయండి, బోర్డు ముందు నలుగురిని నిలబెట్టండి. స్విచ్ నొక్కితే కళ్లు మూసి తెరిచేలోపు లైటు వెలగాలి. సెకను ఆలస్యమైనా ఇంకా పని మిగిలుందనే లెక్క.

జనం అడిగేవి

రిమోట్లూ రంగుల లైట్లూ పిల్లలకే. పెద్దవాళ్ల ప్రశ్నలు వేరు. "కరెంటు పోయి నెట్టు ఆగిపోతే మా ఇంట్లో లైటు ఎట్టా ఏసుకోవాల అబ్బయ్యా?" అని ఒక పెద్దాయన తప్పకుండా అడుగుతాడు. మాటలతో చెప్పకండి. ట్యాబ్ పక్కన పెట్టి, రౌటరు ఆఫ్ చేసి, ఆయన చేతే గోడ స్విచ్ వేయించండి. లైటు వెలుగుతుంది. నా దృష్టిలో స్టాల్ మొత్తానికి ఇదొక్కటే డెమో.

తరవాతది "గోడ పగలగొట్టాలా?" అక్కర్లేదు, మాడ్యూల్ పాత బోర్డు వెనకే పడుతుంది. కానీ మన పాత ఇళ్లలో స్విచ్‌బోర్డు దాకా న్యూట్రల్ వైరు రాని చోట్లు ఉంటాయి, అది లేకపోతే చాలా మాడ్యూళ్లు పనిచేయవు. ఆ మాట మీరే ముందు చెప్పేయండి. చెప్పకుండా ఆర్డరు తీసుకుంటే ఇంటికెళ్లాక మాట పడేది మీరే. బీఎల్‌డీసీ ఫ్యాన్లకి (తక్కువ కరెంటు తాగే కొత్త రకం, స్పీడు వాటి లోపలి సర్క్యూటే చూసుకుంటుంది) రెగ్యులేటర్ మాడ్యూల్ పెట్టకూడదని కూడా చెప్పాలి, ఇప్పుడు చాలామంది అవే కొంటున్నారు.

మూడోది మోటారు. ట్యాంకు నిండగానే ఆగాలని ఇంటివాళ్లు, చెరువు దగ్గర ఏరేటర్లు ఆగితే ఫోన్ మోగాలని రొయ్యల రైతులు అడుగుతారు. బకెట్ల డెమో ముందు ఎక్కువసేపు నిలబడేది వీళ్లే. 10 ఆంప్స్ రిలేకి (మాడ్యూల్ లోపల కరెంట్ ఆన్, ఆఫ్ చేసే స్విచ్) మోటారు నేరుగా తగిలించవచ్చని మాత్రం చెప్పకండి. మోటారు స్టార్టయ్యేటప్పుడు లాగే కరెంటుకి ఆ రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి, ఇక ఆఫ్ కాదు. మధ్యలో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటుని తట్టుకునే స్విచ్) ఉండి తీరాలి. ఏరేటర్లు ఎక్కువగా త్రీఫేజ్ కాబట్టి అక్కడికి ఒకసారి వెళ్లి చూడకుండా రేటు చెప్పకండి.

ఫోన్ నంబర్లు రాసుకునేటప్పుడు పక్కన "శ్లాబ్ అయింది", "వైరింగ్ కాలేదు", "పాతిల్లు" అని ఒక్క ముక్క రాయండి. వైరింగ్ కానివాళ్లకి మర్నాడే ఫోన్ చేయాలి, గోడల్లో వైరు పైపులు మూసేశాక వెళ్తే సగం పని పోతుంది.

సర్దుకునేటప్పుడు

ఆఖరిరోజు రాత్రి షెడ్డు కరెంట్ ఎప్పుడు తీసేస్తారో చెప్పరు. హబ్‌ని ముందుగా సరిగ్గా షట్‌డౌన్ చేసి, తరవాతే ప్లగ్గు లాగండి. బోర్డుని ముక్కలు చేయకుండా అట్లాగే వ్యాన్ ఎక్కించండి. విప్పి బిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఆ సమయంలో ఒకాయన వచ్చి "డెమో పీసులు సగం రేటుకి ఇచ్చేయరాదా?" అంటాడు. ఇవ్వకండి. పిల్లలు రోజంతా టకటకా నొక్కిన రిలేలవి. ఎవరి గోడలోకో పోయి రెండు నెలల్లో చెడిపోతే వారంటీ అడిగేది మిమ్మల్నే.