అరుగుల వీధిలో కొత్త ఇల్లు: గీతలు గీయించే ముందు, గోడలు లేపే ముందు

గోదావరి జిల్లాల పాత పేటల్లో పెంకుటిళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని వరసగా ఉంటాయి. అరుగు, చూరు, గుమ్మం ఒకే వరసలో సాగిపోతాయి. మధ్యలో ఒక ఇల్లు పడగొట్టి, కింద స్తంభాల మధ్య బండ్లకు ఖాళీ (స్టిల్ట్ పార్కింగు) వదిలి పైన మూడంతస్తులు లేపితే వీధి అందం పోవడం ఒక్కటే కాదు, అటూ ఇటూ ఉన్న గోడలు నెర్రెలు ఇస్తాయి. కొత్త ఇల్లు కట్టొద్దని ఎవరూ అనరు. కొలతలు మాత్రం వీధి నుంచి తీసుకోవాలి.

ఇంజినీరు దగ్గరికి వెళ్లేముందు మీ ఇంటికి అటు మూడు, ఇటు మూడు ఇళ్లు కొలవండి. రోడ్డు మధ్య నుంచి ట్యూబ్ లెవెల్ (నీళ్లు నింపిన పారదర్శక గొట్టం) పట్టి అరుగు ఎత్తు, లోపలి గచ్చు ఎత్తు రాసుకోండి. అరుగు వెడల్పు, చూరు అంచు ఎత్తు, స్తంభాల మధ్య దూరం, కిటికీల పొడవు వెడల్పులు కూడా కావాలి. ఆ తర్వాత దస్తావేజులో హద్దులు చూడండి. చాలాచోట్ల పాత అరుగు సగం మునిసిపాలిటీ కాలువ మీదే ఉంటుంది. పాతది ఉంది కదా అని అక్కడే కొత్తది కడితే కూల్చమని నోటీసు వస్తుంది. మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు వెడల్పు చేసే గీత ఉందేమో కూడా ఇప్పుడే కనుక్కోవాలి. ఉంటే అరుగు ఆ గీతకు లోపలే.

బేస్‌మెంట్ ఎత్తు దగ్గర తప్పని తగువు ఒకటుంది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైన పొర పోస్తారు కాబట్టి, ఎందుకైనా మంచిదని అందరూ మూడడుగులు లేపుతారు. ఆరంగుళాల చొప్పున ఆరు ఎత్తులు, అడుగు వెడల్పున ఐదు మెట్లు వేస్తే ఐదడుగుల చోటు కావాలి. అరుగు వెడల్పు నాలుగే అయితే ఆఖరి మెట్టు కాలువ మీదికి దిగుతుంది. అందుకే ఎత్తును విడగొట్టండి. అరుగు రెండడుగులు ఉంచి, అరుగును కోసి అందులోనే మూడు మెట్లు పెట్టండి. మిగిలిన అడుగు ఎత్తును గుమ్మం దాటాక వసారా చివర రెండు ఎత్తులుగా ఎక్కించండి. వాననీళ్లు ఇంట్లోకి రావు, అరుగు మీద మనుషులు కూర్చోనూ వచ్చు. మూడడుగుల ఎత్తు అరుగు ఎవరికీ కూర్చోవడానికి పనికిరాదు.

కారు ఉంటే ముందు భాగమంతా ఖాళీ చేయనక్కర్లేదు. ముప్ఫై అడుగుల ముఖంలో ఒక పక్కకు తొమ్మిదడుగుల గేటు చాలు. మిగతా ఇరవై ఒక్క అడుగుల్లో అరుగు, స్తంభాలు, కిటికీలు వీధి వరసలోనే నిలుస్తాయి.

కోస్తా లాంటి ఉక్క ప్రాంతాలకు గదిలో గాలి వెలుతురు వచ్చే ఖాళీ గచ్చు వైశాల్యంలో ఆరో వంతుకు తగ్గకూడదని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. నూట ఇరవై చదరపు అడుగుల గదికి ఇరవై చదరపు అడుగులు కావాలి. రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న కిటికీలు రెండు పెడితే లెక్క సరిపోతుంది, పాత ఇళ్ల నిలువు కిటికీలతో పొంతనా కుదురుతుంది. ఆరడుగుల అడ్డం స్లైడింగు కిటికీ ఒక్కటి పెడితే వీధిలో అదే ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. పైగా ఎప్పుడు చూసినా అందులో సగమే తెరుచుకుంటుంది.

పై అంతస్తు వీధి అంచుకు తేవద్దు, కనీసం పదడుగులు వెనక్కి జరపండి. పిట్టగోడ ఎక్కడికి వస్తుందో అక్కడ వెదురు గడ పాతి, ఆ ఎత్తులో ఎర్రగుడ్డ కట్టి, ఎదురింటి అరుగు మీద నిలబడి చూడండి. ఇరవై అడుగుల రోడ్డులో పదడుగులు జరిపినా పై అంతస్తు పూర్తిగా మరుగుపడదు. అందుకే దాని ముందువైపు కూడా వాలు కప్పు వేస్తే మంచిది. బెంగుళూరు పెంకుకు వాలు ముప్ఫై డిగ్రీలు, అంటే అడుగుకు ఏడంగుళాల ఎత్తు. అంతకన్నా తగ్గితే ఈదురుగాలికి వాననీళ్లు పెంకు కిందికి ఎగదన్నుతాయి. వంద చదరపు అడుగులకు సుమారు నూట నలభై పెంకులు పడతాయి, పగిలేవి కలిపి నూట యాభై తెప్పించండి. పెంకులు ఆనే అడ్డ చెక్కలు, అంటే రీపర్లు, ముందే కొట్టేయొద్దు. ఒక్కో బట్టీ పెంకు ఒక్కో కొలత. నాలుగు వరసలు నేల మీద పేర్చి, దూరం చూసుకుని కొట్టాలి. తుపాను ఊళ్లలో చూరు దగ్గరి రెండు వరసలు తీగతో కట్టి తీరాలి. గాలి ముందు అక్కడే లేపుతుంది.

పక్కింటి గోడ దగ్గర తొందర అస్సలు పనికిరాదు. పాత సున్నపు గోడల పునాది చాలాసార్లు లోతు ఉండదు. దాని పక్కన పొడుగునా ఒకేసారి గొయ్యి తీస్తే మట్టి జారి గోడ కూర్చుంటుంది. గొయ్యి పొడవును నాలుగడుగుల ముక్కలుగా గుర్తుపెట్టి, ఒకటి, మూడు, ఐదు ముందు తవ్వి కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాకే రెండు, నాలుగు తవ్వాలి. జేసీబీని ఆ పక్కకు రానివ్వద్దు. మీ గోడకూ పక్కింటి గోడకూ మధ్య వదిలిన అంగుళం సందును పైన అల్యూమినియం రేకుతో కప్పండి. రేకును మీ గోడకే బిగించి, అవతలి అంచు ఊరికే ఆనేలా ఉంచండి. రెండు వైపులా బిగిస్తే ఏ గోడ కదిలినా రేకు చినుగుతుంది, అసలు కప్పకపోతే రెండు గోడలకూ చెమ్మే. పక్కింటి కిటికీ మీ స్థలం వైపు ఉంటే దాన్ని మూసేసేలా గోడ లేపొద్దు. ఇరవై ఏళ్లు ఆటంకం లేకుండా అనుభవించిన గాలి వెలుతురుపై 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ కింద హక్కు వస్తుంది. పని మధ్యలో కోర్టు స్టే వస్తే సిమెంటు బస్తాలు గడ్డ కట్టిపోతాయి.

పాత గోడ ఏదైనా మిగుల్చుకుంటే దానికి సిమెంటు ప్లాస్టరింగు చేయించవద్దు. కింద నుంచి ఎక్కే చెమ్మ సున్నపు గోడలోంచి ఆరిపోతూ ఉంటుంది. సిమెంటు పూత దాన్ని లోపలే బంధిస్తుంది, ఉప్పు పొంగి పూత పెచ్చులుగా ఊడుతుంది. చెమ్మ గీతకు అడుగు పైదాకా పాత పూత చెక్కి, ఇటుకల సందులు ముప్పావు అంగుళం గీరి, నీళ్లతో తడపాలి. సున్నపురాయిని నీళ్లలో వేసి విరిగించి (రాయి మీద నీళ్లు పోయవద్దు, చిమ్మి కళ్లలో పడుతుంది), జల్లించి, కనీసం వారం నానబెట్టాలి. ఒక పాలు సున్నానికి రెండున్నర పాళ్లు ఇసుక కలిపి, ఒక్కో పూత అరంగుళం మించకుండా వేయండి. గోరు గుచ్చితే దిగనంత గట్టిపడ్డాకే రెండో పూత. వారం రోజులు తడి గోనెలు కప్పి ఉంచాలి. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు, పల్చటి సున్నం మూడుసార్లు కొట్టించండి.

చార్మినార్, గోల్కొండ లాంటి కేంద్ర రక్షిత కట్టడాల దగ్గర ఇల్లు ఉంటే లెక్క వేరు. కట్టడం హద్దు నుంచి వంద మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, మరమ్మతుకు కూడా ముందస్తు అనుమతి కావాలి. ఆపైన మరో రెండు వందల మీటర్ల వరకూ కట్టాలన్నా అనుమతి తప్పనిసరి. అది చేతికొచ్చాకే మునిసిపల్ ప్లానుకు డబ్బు కట్టండి.