బుడ్డి అడుగున మిగిలిన ఇంకు వృథా కాకుండా

లిమిటెడ్ ఎడిషన్ ఫౌంటెన్ పెన్నుకు జతగా వచ్చిన రంగు ఇంకు అయిపోతే మళ్లీ దొరకడం కష్టం. తీరా బుడ్డి అడుక్కి వచ్చేసరికి పాళీ మునగదు, కన్వర్టర్‌లోకి (పెన్ను లోపల ఇంకు నిలిచే, పిస్టన్ ఉన్న, ఊడదీయగల చిన్న గొట్టం) గాలే ఎక్కుతుంది.

అప్పుడు మొన మొద్దుగా ఉండే సూదితో 2 మి.లీ. సిరంజి ఒకటి తీసుకోండి. బుడ్డిని ఓ పక్కకు వంచి, మూలకు చేరిన ఇంకును మెల్లగా లాగండి. మెరుపు పొడి ఉన్న ఇంకైతే ముందే మూత బిగించి కదపాలి. కన్వర్టర్‌ను పెన్ను నుంచి ఊడదీసి, పిస్టన్‌ను పూర్తిగా వెనక్కి తిప్పి, సూదిని లోపలిదాకా దించి అడుగు నుంచి నింపుకుంటూ రండి. పైనుంచి వదిలితే బుడగ అడ్డుపడి ఇంకు పొంగి వేళ్లకు అంటుతుంది. చాలా కన్వర్టర్లలో ఒక మిల్లీలీటరు లోపే పడుతుంది, కాబట్టి పైన కాస్త ఖాళీ ఉంచండి. పెన్నుకు బిగించాక, పాళీ కింద తడి మెరిసేదాకా పిస్టన్‌ను కొద్దిగా ముందుకు తిప్పితే వెంటనే రాస్తుంది. పాళీ తుడిచిన గుడ్డ పీల్చే ఇంకు కూడా మిగులుతుంది, నాకైతే అదే పెద్ద లాభం.

పిస్టన్ పెన్నులోనే అమర్చి ఉండి, కన్వర్టర్ లేని రకాలకు మాత్రం ఈ పద్ధతి కుదరదు. వాటిని విప్పే ప్రయత్నం చేయకండి.