క్రూయిజ్ ఆగిన రేవులో బీచ్ వద్దనుకునేవారు ఏం చూడాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుండి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులలో కొందరు కరీబియన్ క్రూయిజ్ కూడా ఎక్కుతున్నారు. ఓడ ఒక్కో రేవులో కొన్ని గంటలే ఆగుతుంది, దిగగానే అందరూ బీచ్ దారే చూపిస్తారు. ఈత రానివారు, చీరలు, పంచెలతో ఎండలో ఇసుక మీద కూర్చోవడానికి ఇష్టపడనివారు ఓడలోనే ఉండిపోనక్కరలేదు. రేవుకు ఒక్క చోటును మాత్రమే ఎంచుకొని, దానిని తీరికగా చూడడం మేలు. నాలుగు చోట్లు కలిపి అమ్మే బస్సు టూర్లలో సగం పొద్దు కిటికీ పక్కనే గడిచిపోతుంది.

బుక్ చేసే ముందే వీసా సంగతి తేల్చుకోవాలి. ఓడ అమెరికాలో బయలుదేరి అమెరికాకే తిరిగి వచ్చినా, మధ్యలో ఇతర దేశాలను తాకుతుంది కాబట్టి, అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీది (ఒకటి కన్నా ఎక్కువసార్లు ప్రవేశించనిచ్చేది) అయి, తిరిగి వచ్చే నాటికి గడువు మిగిలి ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవారిని మెక్సికో వేరే వీసా అడగదు. ఫ్రెంచి దీవుల నియమాలు వేరు కనుక, మీ ఓడ ఆగే ప్రతి రేవు పేరూ రాసి భారతీయ పాస్‌పోర్టుకు ఏం కావాలో క్రూయిజ్ కంపెనీని ఈమెయిల్‌లో అడిగి, జవాబును దాచుకోవాలి.

కోటలంటే ఇష్టమున్నవారికి ప్యుయెర్టో రికోలోని శాన్ హువాన్‌ను మించిన రేవు లేదని నా అభిప్రాయం. ఇది అమెరికా పాలనలోని ప్రాంతం, పైగా పాత పట్టణం దగ్గరి రేవులో దిగితే టాక్సీ అవసరం లేకుండా నడిచి వెళ్ళవచ్చు. స్పెయిన్‌వారు 1539లో మొదలుపెట్టిన ఎల్ మోర్రో కోట, సముద్రంలోకి చొచ్చుకు వచ్చిన రాతి కొన మీద ఆరు అంతస్తులుగా దిగుతుంది. భువనగిరి, దేవరకొండ కోటలు గుట్టల ఎత్తును నమ్ముకొని నిలిస్తే, ఇది రేవులోకి వచ్చే శత్రు నౌకలపై ఫిరంగులు గురిపెట్టడానికి కట్టినది. గోడల మూలల్లో కాపలావాడు నిలబడే గుండ్రని గూళ్ళలో నుండి చూస్తే ఆ ఏర్పాటు తేలికగా అర్థమవుతుంది. కోట ముందరి విశాలమైన పచ్చిక మైదానంలో నీడ ఉండదు కాబట్టి గొడుగు, నీళ్ళు తప్పనిసరి. మోకాళ్ళ నొప్పులున్నవారు అంత దూరం నడవకుండా రేవుకు దగ్గరగా ఉన్న శాన్ క్రిస్టోబాల్ కోటతో సరిపెట్టుకోవచ్చు. చాలా ఓడలు ఇక్కడికి మధ్యాహ్నం దాటాక చేరతాయి, కోటల తలుపులు మాత్రం సాయంత్రమే మూసేస్తారు. అందుచేత వేళలు చూసుకున్న తరువాతే ఈ రేవుపై ఆశ పెట్టుకోవాలి. పాత వీధుల్లోని నీలిరంగు ఇటుకలు వాన పడితే జారుతాయి.

బహమాస్‌లోని నాసావ్‌లో రేవు నుండి నడిచి వెళ్ళగలిగిన చోటు క్వీన్స్ స్టెయిర్‌కేస్. 1790లలో బానిసల చేత సున్నపురాయిని తొలిపించి చేయించిన ఈ మెట్లు 1793 నాటి ఫోర్ట్ ఫిన్‌కాసిల్ వద్దకు చేరుస్తాయి. ఉదయం చల్లగా ఉన్నప్పుడే ఎక్కడం మంచిది.

మెక్సికోలోని కోజుమెల్‌లో దీవి లోపల ఉన్న సాన్ హెర్వాసియో అనే మాయా నాగరికత శిథిలాలకు టాక్సీలో వెళ్ళాలి. ఎక్కకముందే రానూపోనూ ధర మాట్లాడుకోవాలి. ఇష్చెల్ దేవత దర్శనానికి స్త్రీలు పడవల్లో సముద్రం దాటి వచ్చిన క్షేత్రమిది. పెద్ద పిరమిడ్లు ఉంటాయనుకుంటే నిరాశ తప్పదు.

ఫ్రెంచి దీవి అయిన గ్వాడెలూప్‌లో ఓడ ఆగితే మాత్రం పాలమూరువారు తప్పక దిగాలి. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కరువై, 1854 నుండి భారతీయులను ఒప్పందాల మీద ఇక్కడికి తెచ్చారు. వారిలో దక్షిణాదివారు చాలామంది. ఆ దీవిలోని కాపెస్తేర్ అనే ఊళ్ళో వారి సంతతివారు నిలుపుకున్న చాంజీ హిందూ ఆలయం ఉంది. వలస కూలీ బతుకును మన జిల్లాలో చూసినవారికి ఆ చరిత్ర పరాయిదిగా తోచదు. అంతదూరం పోలేనివారు పాంత్-ఆ-పీత్ర్ పట్టణంలో, పాత చక్కెర ఫ్యాక్టరీ ఉన్న చోట 2015లో తెరిచిన మెమోరియల్ ఆక్ట్ మ్యూజియం చూడవచ్చు. అది బానిసత్వపు చరిత్రకు అంకితమైనది.

శాకాహారులు ఓడలోనే కడుపునిండా తిని దిగాలి. పండ్లు, వండిన పదార్థాలు వెంట తీసుకుపోవడానికి చాలా రేవుల్లో ఒప్పుకోరు. ఓడ ఇచ్చిన కార్డు, ఫొటో గుర్తింపు పత్రం, రోజూ వేసుకునే మందులు దగ్గర ఉంచుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం గడియారం: కోజుమెల్‌లో ఏడాది పొడవునా ఒకే సమయం నడుస్తుంది కాబట్టి ఓడ సమయానికీ ఊరి సమయానికీ గంట తేడా రావచ్చు. ఫోన్ తనంతట తాను మార్చుకునే సమయాన్ని నమ్మక, ఓడ సమయానికి పెట్టిన చేతి గడియారం కట్టుకోవాలి. ఓడవారే అమ్మిన టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్ళినవారి కోసం ఆగదు. గ్రాండ్ కేమన్ వంటి చోట ఓడ ఒడ్డుకు రాకుండా దూరంగా లంగరు వేస్తుంది కనుక, ఓడ బయలుదేరే వేళ కాకుండా ఒడ్డు నుండి చివరి చిన్న పడవ బయలుదేరే వేళను రాసుకొని దిగాలి.