పెళ్లి ఫొటో మీద హక్కు ఎవరిది?

మా అనకాపల్లి స్టూడియోలో చేరే కుర్రాళ్లకు లెన్సుల కన్నా ముందు నేను చెప్పేది ఈ సంగతే. మీ కష్టం మీ చేతిలో ఉండాలంటే అడ్వాన్సు పుచ్చుకునే ముందే కాగితం రాసుకోండి.

ఫొటోకి కాపీరైట్ ఉంటుంది. 1957 నాటి చట్టం దాన్ని కళాకృతిగానే లెక్కేస్తుంది, బాగా వచ్చిందా లేదా అని చూడదు. తీసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. తీసినవారి జీవితకాలమంతా, వారు పోయాక ఇంకో 60 ఏళ్లూ నడుస్తుంది. అయితే కాపాడేది తీసిన బొమ్మనే. లంబసింగి మంచులో మీరు పెట్టించిన పోజు ఇంకొకరు పెట్టించి తీసుకుంటే ఏమీ అనలేం.

చిక్కంతా సెక్షన్ 17లో ఉంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అంటే రాత్రంతా నిలబడి తీసిన పెళ్లి ఫొటోల మీద హక్కు పెళ్లివారిది! జీతానికి తీస్తే మామూలుగా యజమానిది. ఇది తెలియకుండానే ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లు మన ఫీల్డులో చాలామంది ఉన్నారు, నాకు బాధగా ఉంటుంది.

కాబట్టి కాపీరైట్ స్టూడియోదేనని, పెళ్లివారు ఎన్ని ప్రింట్లైనా వేయించుకోవచ్చని, ఎవరికైనా పంచుకోవచ్చని స్పష్టంగా రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఆ ఫొటోలు మనం ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడానికి వేరే గడి పెట్టి, పెళ్లికూతురితోనే టిక్ పెట్టించండి. హక్కు మనదైనా ముఖం ఆ అమ్మాయిది.

ఏ కంపెనీకైనా ఫొటో మీద హక్కు రాసిస్తుంటే ఎందుకు, ఎన్నాళ్లు, ఎక్కడ, ఎంతకు అన్నవి రాయండి. గడువు రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే దేశమంతా అని తీసుకుంటుంది.

రా ఫైళ్లు, అంటే కెమెరా నుంచి నేరుగా వచ్చే అసలు ఫైళ్లు, ఎవరికీ ఇవ్వకండి, రెండు హార్డ్‌డిస్కుల్లో దాచండి. తీసింది మీరేనని చూపడానికి అంతకన్నా గట్టి ఆధారం లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా ఒక్కో ఫొటోకి 500 రూపాయల ఫీజు, అమ్ముడుపోయే వాటికి చేయించడం మంచిదే.

ఎవరైనా అడక్కుండా వాడుకుంటే మొదట లింకూ తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఆ తర్వాతే ఫోన్ చేయండి, ముందే చేస్తే తీసేసి 'మేం పెట్టలేదు' అంటారు. మాట వినకపోతే లాయర్ నోటీసు ఇప్పించండి. అవతలివారు ఢిల్లీలో ఉన్నా, కేసు మీరు ఉండే జిల్లా కోర్టులోనే వేసుకోవచ్చు, సెక్షన్ 62 అందుకే ఉంది.